పందెం ముగిశాక కూడా పరుగు నిలవాలంటే రోజువారీ జీవితంలో ఏం మారాలి?

ప్రశ్న: భద్రకాళి కట్ట (హనుమకొండ)

అందరికీ నమస్కారం. నాకు నలభై దాటాయి; హనుమకొండలో ఒక బ్యాంకు శాఖలో ఉద్యోగం చేస్తున్నాను. కొన్నేళ్లుగా ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్‌లో హాఫ్ దూరం, అంటే 21.1 కిలోమీటర్లు, పూర్తి చేస్తున్నాను. తొలకరి పడి ఎండ తగ్గగానే ఆర్ట్స్ కాలేజీ మైదానంలోనో భద్రకాళి చెరువు కట్ట మీదో వేకువనే పరుగు మొదలుపెడతాను. జులై చివరికి వారానికి 40 కిలోమీటర్ల దాకా వెళ్తాను. పందెం రోజున ఫ్లైఓవర్లన్నీ ఎక్కి దిగి క్షేమంగానే గమ్యం చేరుతాను. చిక్కంతా ఆ తరువాతే వస్తోంది.

మొదటి వారం విశ్రాంతి తీసుకుంటాను, అది సబబే. ఈలోగా వినాయక చవితి, నిమజ్జనం, ఆ వెంటనే బతుకమ్మ, దసరా, దీపావళి వరుసగా వస్తాయి. ఇల్లంతా చుట్టాలతో నిండి ఉంటుంది, రాత్రి పడుకునేసరికి పన్నెండవుతుంది. మాఘంలో పెళ్లిళ్లు మొదలవుతాయి, మార్చి వస్తే బ్యాంకులో సంవత్సరాంతపు లెక్కలు, ఏప్రిల్ వస్తే ఓరుగల్లు ఎండ. జూన్ నాటికి రెండు కిలోమీటర్లకే ఆయాసపడే స్థితికి మళ్లీ వచ్చేస్తాను. దీన్ని ఆరంభశూరత్వం అని కొట్టిపారేయలేకపోతున్నాను, ఎందుకంటే ఆ మూడు నెలలూ పట్టుదలగానే చేస్తాను, ఒక్కరోజు కూడా వదలను. పట్టుదల ఉన్నా అలవాటు ఎందుకు కుదురుకోవడం లేదో అర్థం కావడం లేదు.

శిక్షణ ప్రణాళికలు నా దగ్గర చాలానే ఉన్నాయి, అవి అక్కర్లేదు. ఏడాది పొడవునా పరుగెత్తే మీరంతా రోజును ఎలా నడుపుకుంటారు, ఎప్పుడు తింటారు, ఎప్పుడు పడుకుంటారు, పరుగు కుదరని రోజున ఏం చేస్తారు అన్నది తెలుసుకోవాలని ఉంది. నా దినచర్య కూడా చెబుతాను. రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరి, తొమ్మిదిన్నరకు భోజనం చేసి, పదకొండున్నరకు పడుకుంటాను. శిక్షణ నెలల్లో నాలుగూ ముప్పావుకు అలారం మోగుతుంది.

సమాధానం: సాగరతీరం (విశాఖపట్నం)

భద్రకాళి కట్ట గారికి నమస్కారం. మీ ప్రశ్నకు జవాబు మీరు చివర రాసిన రెండు వాక్యాలలోనే ఉంది. పదకొండున్నరకు పడుకుని నాలుగూ ముప్పావుకు లేస్తే దక్కే నిద్ర ఐదుంపావు గంటలు. పెద్దవాళ్లకు కనీసం ఏడు గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. వారానికి 40 కిలోమీటర్లు పరుగెత్తే మనిషికి అంతకంటే కొంచెం ఎక్కువే కావాలి. పందెం మీద ఉన్న ఉత్సాహంతో మూడు నెలల పాటు ఆ లోటును భరించారు. పందెం అయిపోగానే శరీరం ఆ బాకీ వసూలు చేసుకోవడం మొదలుపెట్టింది. దాన్ని మీరు బద్ధకమని అనుకుంటున్నారు కానీ, నాకు మాత్రం అది అలసటగానే కనిపిస్తోంది.

కాబట్టి అలారం జోలికి వెళ్లకుండా రాత్రి భోజనం సంగతి ముందు చూడండి. ఎనిమిదింటికి ఇల్లు చేరే ఉద్యోగి ఎనిమిదిన్నర లోపు తినగలిగితే, తొమ్మిదిన్నరకల్లా పొట్ట తేలికపడి పదింటికి నిద్ర పడుతుంది. తొమ్మిదిన్నరకు అన్నం తిన్నవాళ్లకు ఆ వేళకు నిద్ర రమ్మన్నా రాదు. ఫోనును హాల్లోనే ఛార్జింగుకు పెట్టి పడకగదిలోకి వెళ్లండి. ఇదంతా మీ ఇంట్లో ఏమాత్రం సాధ్యం కాదంటే వేకువ పరుగును మానుకుని సాయంత్రం పరుగెత్తండి, లేదా బ్యాంకుకు వెళ్లే ముందు ఆరున్నరకు పరుగెత్తండి. నిద్రను కోసి పరుగుకు అతికించే పద్ధతి ఎవరికీ ఏడాది పొడవునా నిలవడం నేను చూడలేదు.

రెండో సంగతి వేగం. మా ఊళ్లో తెల్లవారుజామున కొన్ని గంటల పాటు ఆర్.కె. బీచ్ రోడ్డు మీద వాహనాలను ఆపేస్తారు కాబట్టి నడిచేవాళ్లూ పరుగెత్తేవాళ్లూ వందల్లో కనిపిస్తారు. కొత్తగా వచ్చినవాళ్లలో ఎక్కువమంది ప్రతిరోజూ పందెంలో ఉన్నట్టే పరుగెత్తుతారు. గాలిలో తేమ ఎక్కువగా ఉండే మా తీరంలో అలా పరుగెత్తితే ఒళ్లంతా తడిసి ముద్దయి, మిగిలిన పగలంతా తల బరువుగా ఉంటుంది. అలాంటి పరుగు మీద మరునాటికి మనసు పోదు. 1960 రోమ్ ఒలింపిక్స్‌లో 800 మీటర్లలోనూ 5,000 మీటర్లలోనూ స్వర్ణాలు గెలిచిన పీటర్ స్నెల్, ముర్రే హాల్బర్గ్‌లకు గురువైన న్యూజిలాండ్ శిక్షకుడు ఆర్థర్ లిడియార్డ్, తరువాతి ఏళ్లలో ఆక్లండ్‌లో మధ్యవయస్కులకు, గుండె జబ్బు వచ్చి తేరుకున్నవాళ్లకు కూడా పరుగు నేర్పారు. పక్కనున్న మనిషితో మాట్లాడగలిగినంత నెమ్మదిగా పరుగెత్తమన్నదే వాళ్లకు ఆయన పెట్టిన నియమం. మీరూ అదే కొలత పెట్టుకోండి. ఒక పూర్తి వాక్యం మధ్యలో ఊపిరి కోసం ఆగకుండా చెప్పగలిగితే ఆ వేగం సరైనది. వారంలో ఒక్కరోజు వేగంగా పరుగెత్తినా మిగిలిన రోజులన్నీ నెమ్మదిగానే ఉండాలి. పరుగు ముగించి ఇంటికి వచ్చేటప్పుడు ఇంకో రెండు కిలోమీటర్లు పోగలననిపించాలి.

కుదరని రోజున ఏం చేయాలని అడిగారు. యూనివర్సిటీ కాలేజీ లండన్‌కు చెందిన ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ఈ విషయంలో నాకు ఎంతో ధైర్యాన్నిచ్చింది. 96 మంది తమకు నచ్చిన ఒక చిన్న పనిని ఎంచుకుని, రోజూ ఒకే సందర్భంలో 12 వారాల పాటు చేశారు. ఆ పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టగా, మనిషిని బట్టీ పనిని బట్టీ అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా ఉంటుందని తేలింది (12 వారాలు దాటిన అంకెలు అప్పటిదాకా కనిపించిన తీరును బట్టి కట్టిన అంచనాలు). 21 రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందనే మాటకు అందులో ఆధారం కనిపించదు. అంతకంటే ముఖ్యంగా, మధ్యలో ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు ఏర్పడే క్రమం చెడలేదు. అందుచేత ఒకరోజు తప్పితే బెంగపడకండి, కానీ ఆ మరునాడు మాత్రం చిన్న పరుగైనా సరే వదలకండి. నాకు ఇరవై నిమిషాలు కనీస హద్దు. పెళ్లి ఇంట్లో ఉన్నా ఊరి చివరిదాకా వెళ్లి రావడానికి అది చాలు.

ఒక నోటుపుస్తకం పెట్టుకోండి. ప్రపంచంలో అందరికంటే గొప్ప మారథాన్ వీరులలో ఒకరైన ఎలియుడ్ కిప్‌చోగే కూడా తన శిక్షణను ఏళ్ల తరబడి చేత్తో పుస్తకాలలో రాసుకుంటున్నారు. నేను స్కూలు పిల్లలు వాడే రూళ్ల పుస్తకంలో పేజీకి వారం చొప్పున గీసుకుంటాను: ఎన్నింటికి పడుకున్నాను, ఎన్నింటికి మెలకువ వచ్చింది, ఎన్ని నిమిషాలు పరుగెత్తాను, కాళ్లు ఎలా ఉన్నాయి. చివరి గడిలో ఒకటి రెండు మాటలే రాస్తాను: ‘తేలిక’, ‘ఎడమ పిక్క బిగుసుకుంది’, ‘ఉక్కపోత’. కిలోమీటర్ల కోసం గడి ఉద్దేశపూర్వకంగానే పెట్టుకోలేదు. పేజీ తిప్పి చూస్తే, పరుగు బాగా లేని రోజుకు ముందు రాత్రి పడుకున్న సమయం దాదాపు ప్రతిసారీ ఆలస్యంగానే ఉంటుంది.

ఇంకొక్క మాట. కార్తికం నుంచి మాఘం దాకా మన రెండు రాష్ట్రాల్లోనూ పరుగుకు అంతకంటే అనుకూలమైన వాతావరణం ఉండదు. మీరు సరిగ్గా ఆ నెలలనే వదిలేస్తున్నారు. పందెం ఉంటేనే కాళ్లు కదులుతాయంటే జనవరి మూడో ఆదివారం జరిగే ముంబై మారథాన్ వంటిది ఒకటి చూసుకోండి. కానీ ఒక పందెం నుంచి మరో పందేనికి దూకడమే పద్ధతిగా పెట్టుకోవడాన్ని నేను సమర్థించను.

సమాధానం: రోజుకో మైలు (సికింద్రాబాద్)

సాగరతీరం గారు చెప్పిన వాటిలో ఒక్క విషయంలో నాది భిన్నాభిప్రాయం. ఒకరోజు తప్పినా ఫరవాలేదనే వెసులుబాటు కొందరికి పనికిరాదు, అందులో నేనొకణ్ని. ఈ రోజు పరుగెత్తాలా వద్దా అన్న మీమాంస ప్రతి ఉదయం మొదలైతే, వద్దనడానికి మనసుకు కారణాలు దొరకకపోవు. అందుకని రోజూ కనీసం ఒక మైలు, అంటే 1.6 కిలోమీటర్లు, పరుగెత్తి తీరాలని పెట్టుకున్నాను. నాకు తర్కించుకోవలసిన పని తప్పింది. వాన పడితే అపార్ట్‌మెంట్ సెల్లారులోనైనా తిరుగుతాను.

ఈ పద్ధతికి నాకు స్ఫూర్తి ఇంగ్లండ్‌కు చెందిన రాన్ హిల్. 1970 బోస్టన్ మారథాన్ విజేత అయిన ఆయన 1964 డిసెంబరులో మొదలుపెట్టి 2017 జనవరి దాకా, 52 ఏళ్లకు పైగా, రోజుకు మైలుకు తగ్గకుండా పరుగెత్తారు. పండుగలు, ప్రయాణాలు, చుట్టాలు ఆయనకూ ఉండే ఉంటాయి కదా. భద్రకాళి కట్ట గారూ, దసరా రోజున 10 కిలోమీటర్లు కుదరకపోవచ్చు, కానీ జమ్మి చెట్టు దగ్గరకు వెళ్లే లోపు పదిహేను నిమిషాలు దొరకని దసరా ఉండదని నా నమ్మకం.

సమాధానం: పిక్కబలం (విజయవాడ)

నేను ఫిజియోథెరపిస్టును, పరుగెత్తేవాళ్ల కాళ్లను చూడటమే నా దినచర్యలో పెద్ద భాగం. పైన ఇద్దరూ చెప్పినవి చదివి, వృత్తిపరంగా కొన్ని మాటలు చేర్చాలనిపించింది.

రోజుకో మైలు గారి క్రమశిక్షణను గౌరవిస్తాను. కానీ అదే రాన్ హిల్ పాదానికి శస్త్రచికిత్స జరిగాక ఊతకర్రలతో కూడా మైలు పూర్తి చేశారు. చివరికి పరుగులో గుండె నొప్పి వచ్చాకే ఆ వరుసను ఆపారు. అంతటి క్రీడాకారుడికి చెల్లిన మొండితనాన్ని నా దగ్గరకు వచ్చేవాళ్లకు నేను సిఫారసు చేయలేను. మనకు వానాకాలంలో డెంగీ, చికున్‌గున్యా, వైరల్ జ్వరాలు మామూలు. జ్వరం ఉన్నప్పుడు పరుగెత్తితే ఒక్కోసారి గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదం ఉంది. చికున్‌గున్యా తరువాత కీళ్ల నొప్పులు వారాలు, నెలల తరబడి ఉండవచ్చు. వరుస తెగకూడదని జ్వరంలో బయలుదేరవద్దు. రోజూ ఏదో ఒకటి చేయాలన్న నియమం మంచిదే, అయితే ఆ ‘ఏదో ఒకటి’లో నడక, వ్యాయామం, సాగదీయడం కూడా ఉండాలి.

ఇక ప్రశ్న అడిగినవారి సంగతికి వస్తాను. ఏడాదిలో తొమ్మిది నెలలు మాని మూడు నెలల్లో సున్నా నుంచి వారానికి 40 కిలోమీటర్లకు చేరడం కాళ్ల దృష్టిలో పెద్ద భారం. దమ్ము త్వరగా పెరుగుతుంది. కొన్ని వారాల్లోనే గుండె, ఊపిరితిత్తులు సర్దుకుంటాయి. ఎముకలకూ, మడమ వెనుక ఉండే స్నాయువుకూ (పిక్కను మడమకు కలిపే గట్టి పట్టీకి) అంతకంటే చాలా ఎక్కువ కాలం కావాలి. దమ్ము ఉంది కదా అని దూరం పెంచుకుంటూ పోతే మోకాలి కింద ముందరి ఎముక వెంబడి నొప్పి, ఉదయం మంచం దిగి మొదటి అడుగు వేయగానే మడమలో పోటు మొదలవుతాయి. జులై నెలలో ఇలాంటి ఫిర్యాదులతో వచ్చేవాళ్లు నా దగ్గర మిగతా నెలల కంటే ఎక్కువగా కనిపిస్తారు. పందెం లేని నెలల్లో వారానికి మూడు రోజులు అరగంట చొప్పున నెమ్మదిగా పరుగెత్తినా, జూన్‌లో మొదలుపెట్టేటప్పటికి కాళ్లు సిద్ధంగా ఉంటాయి.

దానికి తోడు వారానికి రెండు రోజులు కండరాలకు బలాన్నిచ్చే వ్యాయామం చేయాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలలో పెద్దవాళ్లందరికీ వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమ గానీ, 75 నుంచి 150 నిమిషాల తీవ్ర శ్రమ గానీ సూచించడంతో పాటు ఈ రెండు రోజుల మాట కూడా చెప్పింది. పరుగెత్తేవాళ్లలో ఎక్కువమంది మొదటి భాగం పట్టించుకుని రెండో భాగాన్ని వదిలేస్తారు. జిమ్ముకు వెళ్లనక్కరలేదు. మేడ మెట్టు అంచున పాదాల ముందు భాగం మాత్రమే ఆనించి నిలబడండి. గోడను ఒక చేత్తో పట్టుకోండి. రెండు మడమలనూ మెల్లగా పైకి లేపి, ఒక క్షణం ఆగి, మూడు అంకెలు లెక్కపెట్టేంత నెమ్మదిగా మెట్టు కంటే కిందికి దించండి. పన్నెండు పదిహేను సార్లు సునాయాసంగా చేయగలిగాక ఒంటికాలి మీద చేయండి. ఒంటికాలి మీద చేసేటప్పుడు చాలామందికి ఒక పక్క బలహీనత స్పష్టంగా తెలుస్తుంది. పిక్క వణుకుతుంది, మడమ పూర్తిగా లేవదు. ఆ కాలికి ఇంకొక వరుస ఎక్కువ చేయించండి. దానితో పాటు కుర్చీలో కూర్చుని చేతుల ఊతం లేకుండా లేవడం, వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుమును పైకి లేపడం చేస్తే చాలు. అన్నీ కలిపి పావుగంట. స్టవ్ మీద పాలు కాగేలోపు మడమల వ్యాయామం పూర్తి చేసేవాళ్లు నాకు తెలుసు. ఏదో ఒక నిత్యకృత్యానికి దాన్ని ముడివేసుకోవడం చాలా తెలివైన పని.

నొప్పి విషయంలో ఒక చిన్న గీటురాయి చెబుతాను. పరుగు మొదట్లో కాస్త బిగువుగా ఉండి, వేడెక్కాక తగ్గి, మరునాటి ఉదయానికి పెరగకుండా ఉంటే దూరం తగ్గించి కొనసాగించవచ్చు. పరుగెత్తే కొద్దీ పెరిగే నొప్పి, కుంటేలా చేసే నొప్పి, ఎముక మీద వేలితో చూపించగలిగే ఒకే చోట ఉండే నొప్పి, రాత్రి పడుకున్నప్పుడు కూడా వేధించే నొప్పి వస్తే పరుగు ఆపి డాక్టరుకు చూపించుకోవాలి. ఛాతీలో బరువు, కళ్లు తిరగడం వంటివి వస్తే ఆ రోజే వెళ్లాలి, రేపటికి వాయిదా వేయకూడదు. నలభై దాటిన మీరు బీపీ, షుగరు, కొలెస్టరాలు పరీక్షలు ఏడాదికొకసారైనా చేయించుకోవడం మేలు.

సమాధానం: సీమ పరుగు (అనంతపురం)

నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయురాలిని. ఇక్కడ రాసినవన్నీ శ్రద్ధగా చదివాను, ఎంతో నేర్చుకున్నాను. అయితే ఎవరూ అడగని ఒక ప్రశ్న మిగిలిపోయింది. భద్రకాళి కట్ట గారి ఇంట్లో రాత్రి భోజనం ఎనిమిదిన్నరకు సిద్ధం కావాలంటే వంట ఎవరు గంట ముందుగా మొదలుపెట్టాలి? అన్నా, ఇది నిష్ఠూరంగా అనడం లేదు. ఒక్కరి అలవాటు మారితే ఇంట్లో అందరి వేళలూ మారతాయి. ఆ మార్పు అందరికీ సమ్మతమైతేనే అది ఏడాది నిలుస్తుంది. వదినగారితో కూర్చుని మాట్లాడండి. మధ్యాహ్నం వండిన పప్పు, కూర రాత్రికీ సరిపోయేలా చేసుకుని, అన్నమో జొన్నరొట్టెలో మాత్రం వేడిగా చేసుకుంటే చాలునేమో. ముందు రోజు కూరగాయలు మీరు తరిగి పెట్టవచ్చు. వారంలో కొన్ని ఉదయాలు మీరు ఇంట్లో ఉండి పిల్లల టిఫిన్ బాక్సులు సర్దితే, ఆమెకు నడకకో పరుగుకో తనదైన గంట దొరుకుతుంది. మా ఇంట్లో మేమిద్దరం రోజులు పంచుకున్నాకే నా పరుగు నిలదొక్కుకుంది.

నేను వేకువన పరుగెత్తను. చీకట్లో ఒంటరిగా వెళ్లడం ఇష్టం లేదు, పైగా కుక్కల భయం. బడి వదిలాక అదే మైదానంలో మరో ఇద్దరు ఉపాధ్యాయినులతో కలిసి పరుగెత్తుతాను. చీర మార్చుకుని బూట్లు వేసుకోవడానికి ఇంటికి వెళ్తే ఇక బయటికి రావడం జరగదు. అందుకే బట్టలు, బూట్లు స్టాఫ్ రూము బీరువాలోనే ఉంచుకుంటాను. ఎదుటి మనిషి మైదానంలో ఎదురుచూస్తూ ఉంటుందన్న ఒక్క ఆలోచన ఏ అలారం కంటే బాగా పనిచేస్తుంది.

మనవైపు స్త్రీలకు మరొక విషయం తప్పక చెప్పాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంటే సగానికి పైగా. పరుగు మొదలుపెట్టిన ఎందరో అక్కచెల్లెళ్లు నాలుగు వారాలకే ఆయాసంతో, నీరసంతో మానేసి, తమకు పట్టుదల లేదని బాధపడతారు. ముందు రక్తపరీక్ష చేయించుకోండి. గర్భవతులు కాని స్త్రీలకు హిమోగ్లోబిన్ 12 గ్రాములకు తగ్గితే రక్తహీనతే. తోటకూర, గోంగూర, రాగులు, సజ్జలు, ఉలవలు, పెసలు, తినేవాళ్లైతే మాంసం, కాలేయం రోజువారీ తిండిలో తిప్పితిప్పి ఉండేలా చూసుకోండి. భోజనంలో నిమ్మకాయో ఉసిరికాయో ఉంటే ఆకుకూరల్లోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. తిన్న వెంటనే టీ తాగితే అది సరిగా పట్టదు, కాబట్టి టీకీ భోజనానికీ గంట ఎడం ఉండాలి. మా బడిలో మధ్యాహ్న భోజనం కాగానే టీ తాగే ఆనవాయితీ ఉండేది. దాన్ని మూడింటికి మార్చుకున్నాం. హిమోగ్లోబిన్ బాగా తక్కువగా ఉంటే మాత్రం తిండి ఒక్కటే సరిపోదు, డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడాల్సిందే.

పరుగుకు ముందు నాకు ఒక అరటిపండు లేదా చిన్న వేరుశనగ ఉండ చాలు. పరుగు ముగిశాక ఉప్పు వేసిన పలుచని మజ్జిగ తాగి, గంటలోపు రాగి సంగటి, పప్పు లేదా గుడ్డు తింటాను. ప్రత్యేకమైన పొడులు, పానీయాలు కొనాల్సిన అవసరం మన వంటింట్లో లేదు.

ప్రశ్న అడిగినవారు: భద్రకాళి కట్ట (హనుమకొండ)

అందరికీ మనఃపూర్వక కృతజ్ఞతలు. సీమ పరుగు గారు రాసినది మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె కట్ట మీద నడవాలని ఎప్పటి నుంచో అనుకుంటోందట. మంగళ, గురు, శనివారాలు తనవని అక్కడికక్కడే తేల్చేసింది. మిగిలిన నాలుగు రోజులు నావి. రాత్రి భోజనం ఎనిమిదీ నలభైకి కుదిరేలా ఉంది. మా అమ్మ మాత్రం టీవీ సీరియల్ అయ్యాకే తింటానంది, దానికి మేం అడ్డు చెప్పలేదు.

ఒక్క సందేహం మిగిలింది. మార్చి చివరి రెండు వారాలు బ్యాంకులో ఇంటికి వచ్చేసరికి పదో పదకొండో అవుతుంది. 31వ తేదీనైతే చెప్పనే అక్కరలేదు. ఆ వెంటనే ఏప్రిల్, మే ఎండలు. తొమ్మిది నెలలు ఎలాగో నెట్టుకొచ్చినా ఈ రెండున్నర నెలలను ఎలా దాటాలో చెప్పగలరా?

సమాధానం: సాగరతీరం (విశాఖపట్నం)

మీ ఇంట్లో వారాలు పంచుకున్నారని చదివి చాలా సంతోషించాను. మార్చి చివరి రెండు వారాలకు పరుగు లక్ష్యమేదీ పెట్టుకోకండి. రాత్రి పదకొండుకు ఇల్లు చేరిన మనిషి మొదట నిద్రపోవాలి. ఆ పదిహేను రోజులూ పిక్కబలం గారు చెప్పిన మడమల వ్యాయామం మాత్రం స్నానానికి ముందు చేయండి, మధ్యాహ్నం భోజనం తరువాత బ్యాంకు చుట్టూ పది నిమిషాలు నడవండి, నోటుపుస్తకంలో రెండూ రాయండి. రాసే పని ఆగకపోతే అలవాటు ఆగినట్టు కాదు. ఆదివారం దొరికితే నెమ్మదిగా నలభై నిమిషాలు పరుగెత్తండి. ఏప్రిల్ మొదటి వారంలో ఇరవై నిమిషాల పరుగులతో మళ్లీ మొదలుపెట్టండి. ఫిబ్రవరిలో ఆపిన దూరం నుంచి అందుకోవాలని చూడవద్దు.

వేసవిలో దూరం సంగతి పూర్తిగా మరచిపోయి నిమిషాలు మాత్రమే లెక్కపెట్టండి. అంతే శ్రమకు వేగం తగ్గుతుంది, అది సహజం. ఎండకు శరీరం అలవాటు పడటానికి ఒకటి రెండు వారాలు పడుతుంది కాబట్టి, ఏప్రిల్ మొదట్లో ఒకేసారి గంట పరుగుకు దిగకూడదు. ఉదయం ఆరు గంటల లోపు పరుగు ముగిసేలా చూసుకోండి, కట్ట మీద నీడ తక్కువ కనుక చెట్లున్న కాలేజీ ఆవరణే మేలు. వారానికి మూడు రోజులు ముప్పై నిమిషాలు చాలు. చెమట ఎక్కువగా పోసే రోజున ఉత్త నీళ్లే లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలుచబడుతుంది. మజ్జిగలో ఉప్పు వేసుకోండి, లేదా లీటరు మంచినీళ్లలో ఆరు టీ చెంచాల చక్కెర (గుట్టగా కాకుండా అంచు దాకా మాత్రమే నింపి), అర టీ చెంచా ఉప్పు కలుపుకుని పరుగు తరువాత కొద్దికొద్దిగా తాగండి. బీపీ, షుగరు ఉన్నవాళ్లు మాత్రం డాక్టరును అడిగి తాగాలి. పరుగులో చలి వేసినట్టు అనిపించినా, తల దిమ్ముగా ఉండి మాట తడబడినా వెంటనే నీడకు చేరి తలమీదా మెడమీదా నీళ్లు పోసుకోవాలి, పక్కవాళ్లను పిలవాలి. మాట తేరుకోకపోతే ఆసుపత్రికి వెళ్లాల్సిందే.

బూట్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి చెబుతున్నాను. ఒక జత సుమారు 500 నుంచి 800 కిలోమీటర్ల వరకు వస్తుంది. మీరిప్పుడు ఏడాది పొడవునా పరుగెత్తబోతున్నారు కనుక ప్రతి ఏడూ జూన్‌లో కొత్త జత కొనడం సరిపోకపోవచ్చు. పాత జత అడుగుభాగం మడమ వైపు ఒక పక్కకు అరిగిందేమో, మధ్య పొర బొటనవేలితో నొక్కితే ఇంకా మెత్తగా అణిగి తిరిగి లేస్తోందో లేదో ఈ వారమే చూడండి. అరిగి ఉంటే దసరా డిస్కౌంట్లలో కొనుక్కోండి. బూట్లు కొనడానికి సాయంత్రం వేళ వెళ్లండి. ఆ సమయానికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి కాబట్టి సరైన సైజు తెలుస్తుంది. బొటనవేలికి ముందు వేలి వెడల్పంత ఖాళీ ఉండాలి.